పెద్దప్రాణము, చిన్నప్రాణము: అయిదవ నెల దాటిన గర్భస్రావముపై మన సంఘముల బోధకు ఒక విమర్శ

గర్భస్రావమును గూర్చి తెలుగు సంఘములలో వినబడే బోధకు ఒక స్థిరమైన రూపము ఏర్పడియున్నది. అది కీర్తన 139తో మొదలవుతుంది, యిర్మీయా 1:5 మీదుగా ఎలీసబెతు గర్భములో గంతులు వేసిన శిశువు దగ్గరకు వస్తుంది, ఆరవ ఆజ్ఞతో ముగుస్తుంది. కరపత్రమైనను, మహాసభలలోని ప్రసంగమైనను, స్త్రీల సహవాసములో చెప్పే పాఠమైనను ఇదే వరుస. ఈ బోధలోని ప్రధానాంశముతో మాకు విరోధము లేదు. గర్భములోని శిశువు దేవుని చేతిపని అని మేమును నమ్ముతున్నాము. మా అభ్యంతరము మరొకటి. ఆరవ వారములో మాత్ర మింగిన స్త్రీని, 23వ వారములో ఉమ్మనీరు పోయి చలిజ్వరముతో ఆసుపత్రికి చేరిన స్త్రీని ఈ బోధ ఒకే మాటతో పిలుస్తుంది. ఇద్దరికీ ఒకే తీర్పు చెబుతుంది. రెండవ స్త్రీ పరిస్థితి ఏమిటో తెలుసుకొనుటకు ప్రయత్నించినట్లు కూడ కనబడదు.

ఈ పరిశీలనకు మేము చండ్రుగొండను కొలబద్దగా పెట్టుకున్నాము. పూర్వపు ఖమ్మం జిల్లాలో ఉండి 2016 అక్టోబరు నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన ఈ మండలము కనకగిరి గుట్టల పక్కన, అడవికి మైదానమునకు నడుమ ఉన్నది. కోయలు, లంబాడీలు, మైదాన ప్రాంతపు రైతులు, కూలీలు ఇక్కడ నివసిస్తున్నారు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లో చెలరేగిన హింసకు తాళలేక వచ్చిన గుత్తికోయల గుంపులు అడవిలోపల ఉన్నవి. మన పుస్తకములలో గర్భస్రావ చర్చ ఎప్పుడును హైదరాబాదులోనో అమెరికాలోనో జరుగుతున్నట్లు ఉంటుంది. అదే చర్చను చండ్రుగొండలో నిలబడి చదివితే ఏ మాట నిలుస్తుంది, ఏ మాట నిలువదు అనునదే మా ప్రశ్న.

మొదట మాటల సంగతి. మన ఊళ్లలో కడుపు పోవడము ఒకటి, కడుపు తీయించుకోవడము మరొకటి. మొదటిదానికి ఓదార్పు, రెండవదానికి నింద. అయిదవ నెల దాటిన తరువాత వైద్య కారణముతో జరిగేది తరచుగా ఈ రెంటి మధ్య పడుతుంది. కడుపు పోతూనే ఉన్నది, తల్లిని కాపాడుటకు వైద్యురాలు దానిని త్వరపెడుతున్నది. ఈ మూడవదానికి మన వాడుకలో వేరే పేరు లేదు. పేరు లేనందున అది నింద వైపే కొట్టుకొని పోతుంది.

నిర్గమకాండము 21:22-25 ఈ విషయమునకు ధర్మశాస్త్రములో అతి సమీపముగా వచ్చే భాగము. పోట్లాడుకునే మగవారి మధ్య గర్భవతికి దెబ్బ తగిలిన సంగతి అది. హెబ్రీ మూలము ఆమె పిల్లలు బయటికి వచ్చిరని మాత్రమే చెబుతుంది. చనిపోయి వచ్చిరా, బ్రతికి వచ్చిరా అనునది చెప్పదు. బైబిల్ సొసైటీ వారి పాత తెలుగు అనువాదము అక్కడ ‘గర్భపాతము’ అను మాటను వాడినది. దాని ప్రకారము శిశువు పోయినందుకు నష్టపరిహారము. దానికి తోడు స్త్రీకి హాని కలిగితే ప్రాణమునకు ప్రాణము. ఎన్.ఐ.వి. వంటి ఆంగ్ల అనువాదములు దానినే నెలలు నిండకముందు ప్రసవమని తిప్పినవి. అప్పుడు అర్థము మారిపోతుంది. బిడ్డ క్షేమముగా పుడితే పరిహారము, తల్లికైనను బిడ్డకైనను హాని కలిగితే ప్రాణమునకు ప్రాణము.

మన కరపత్రములలో అనేకము ఆంగ్లము నుండి తర్జుమా అయినవే. కాబట్టి వ్యాఖ్యానము ఆంగ్ల అనువాదమును అనుసరిస్తుంది, దానిపైన అచ్చువేసిన వచనము మాత్రము తెలుగు బైబిలు నుండి వస్తుంది. పై వచనము, క్రింది వ్యాఖ్యానము ఒకదానినొకటి కాదంటున్నవని అచ్చువేసినవారు గమనించినట్లు లేదు. చండ్రుగొండలో కుటుంబ కూటమునకు వచ్చిన స్త్రీ తన బైబిలు తెరచి ఆ వచనము చదువుకుంటే, ఆమె ఎవరి మాట నమ్మవలెను? అనువాద వివాదమును ఇక్కడ తేల్చలేము. నిర్గమ 23:26లో తెలుగువారు ‘కడుపు దిగబడు’ అని చక్కగా తిప్పిన హెబ్రీ క్రియ ఒకటి ఉన్నది, 21వ అధ్యాయములో ఆ క్రియ లేదు. అకాల ప్రసవమనువారికి ఇది బలము. పరిహారముతోనే సంగతి ముగియుట గర్భపాతమనువారికి బలము. ఇంత సందేహమున్న వచనమును సందేహమే లేనట్లు వాడుటయే మా అభ్యంతరము.

ఇక్కడ ‘హాని’ అని తెలుగులోకి వచ్చిన హెబ్రీ మాట ‘ఆసోన్’. పాత నిబంధన అంతటిలో అది అయిదు చోట్లనే కనబడుతుంది. రెండు ఈ భాగములో. మిగిలిన మూడును యోసేపు చరిత్రలో, బెన్యామీనుకు దారిలో ఏమవుతుందోనని యాకోబు భయపడిన సందర్భములో. బెన్యామీను ఎవరు? తాను పుట్టునప్పుడే తల్లిని పోగొట్టుకున్న బిడ్డ. ఆ తల్లి దగ్గరకు మరల వస్తాము.

సెప్టువజింటు అను గ్రీకు అనువాదము ఈ వచనమును మరొక దారి పట్టించినది. హాని అను మాట స్థానములో రూపము అను ఆలోచనను తెచ్చినది. రూపము ఏర్పడని పిండమైతే పరిహారము, ఏర్పడినదైతే ప్రాణమునకు ప్రాణము. అగస్టీను దీనినే చదివి, దీనిమీదనే ఆలోచించెను. పాశ్చాత్య సంఘము శతాబ్దముల పాటు తొలి దినముల గర్భమునకు, ముదిరిన గర్భమునకు మధ్య భేదము చూపుటకు ఇది ఒక ముఖ్యమైన మూలము.

నేటి వైద్యనీతి రూపము స్థానములో ‘బ్రతుకగల స్థితి’ని పెట్టినది. గర్భము నుండి బయటికి వచ్చిన బిడ్డ, వైద్య సహాయముతోనైనను, బ్రతుకగలదా అనునది దీని భావము. 1973లో అమెరికా సుప్రీంకోర్టు రో తీర్పులో దీనినే సరిహద్దుగా నిర్ణయించి, అది 24 నుండి 28 వారముల మధ్య ఉండునని అంచనా వేసినది. ఆ తీర్పును అదే కోర్టు 2022 జూన్‌లో కొట్టివేసినది. మన చట్టములో ఈ మాట సరిహద్దుగా లేకపోయినను, 2021 సవరణ 24 వారముల దగ్గర గీత గీసినది. క్రైస్తవ నీతిశాస్త్రజ్ఞులలో కొందరు ఈ గీతను సంతోషముగా స్వీకరించిరి. బ్రతుకగల స్థితికి ముందు అనుమతి, తరువాత నిషేధము అంటే లెక్క సులభమవుతుంది గదా.

ఈ గీత ఎంత కదులుతుందో చూడవలెను. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు అయిదున్నర వారములు ముందుగా పుట్టి, ఊపిరితిత్తులు పండక, రెండు దినములు నిండకముందే మరణించెను. అనగా 34 వారములు దాటిన బిడ్డను, దేశాధ్యక్షుని బిడ్డను, ఆనాటి వైద్యము బ్రతికించలేకపోయినది. 1972లో న్యూజీలాండులో లిగ్గిన్స్, హోవీ అను వైద్యులు తల్లికి స్టీరాయిడ్ సూదిమందు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పండునని చూపిరి. 1980లో జపానులో ఫుజివారా ఊపిరితిత్తులలో వేయు మందును కనిపెట్టి వాడెను. ఇప్పుడు పెద్ద ఆసుపత్రులలో 24 వారముల బిడ్డలు కూడ బ్రతుకుతున్నారు. ఈ అరువది ఏండ్లలో శిశువు మారలేదు, యంత్రము మారినది.

కాబట్టి బ్రతుకగల స్థితి అనునది శిశువును గూర్చిన సత్యము కాదు. శిశువుకు, ఇంక్యుబేటరుకు మధ్యనున్న దూరమును గూర్చిన సత్యము. 26 వారముల బిడ్డ హైదరాబాదులో నవజాత శిశు విభాగమున్న ఆసుపత్రిలో పుడితే బ్రతుకుటకు అవకాశమున్నది. అదే బిడ్డ చండ్రుగొండ అడవిలోని గుంపులో, దారి లేని వానకాలపు రాత్రి పుడితే ఆ అవకాశము దాదాపు లేదు. ఈ గీతను ఒప్పుకొన్న దైవశాస్త్రము అక్కడి బిడ్డను మనిషి అనియు, ఇక్కడి బిడ్డను ఇంకను మనిషి కాలేదనియు చెప్పవలసి వస్తుంది. దేవుని స్వరూపమును పటములో కిలోమీటర్లతో కొలుచుట ఏ సిద్ధాంతమునకు తగును?

ఎదుటి పక్షమువారును ఇదే పొరపాటు వేరొక విధముగా చేస్తున్నారు. 21 వారములకే పుట్టి బ్రతికిన అమెరికా శిశువు ఛాయాచిత్రము చూపి, ఇక ఏ గర్భస్రావమునకును సాకు లేదంటారు. 2020 జూలైలో అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హామ్‌లో 21 వారముల 1 దినమున పుట్టిన మగబిడ్డ బ్రతికిన మాట నిజము. వానితో కూడ అదే గర్భములో నుండి, అదే ఆసుపత్రిలో, అదే దినమున పుట్టిన కవల చెల్లెలు మరునాటికే మరణించినది. ఆ సంగతి ఛాయాచిత్రము క్రింద ఉండదు.

అయిదవ నెల దాటిన తరువాత ఎందుకు? ఈ ప్రశ్నను మన బోధకులు అడుగరు. స్త్రీ నిర్లక్ష్యము చేసినది, లేక మనస్సు మార్చుకొన్నది అని ఊహించుకుంటారు. వైద్య కారణములను విడదీసి చూస్తే వేరే చిత్రము కనబడుతుంది. కొన్ని తల్లి శరీరములో మొదలవుతవి. నెలలు నిండకముందే ఉమ్మనీరు పోయి గర్భాశయములోనికి క్రిములు ప్రవేశిస్తే, బిడ్డ గుండె ఇంకను కొట్టుకొనుచుండగానే తల్లి రక్తము విషమవుతుంది. రక్తపోటు తీవ్రమై మూర్ఛలకు దారితీసే స్థితి, మన పెద్దలు గుర్రపువాతము అనేది, 20వ వారము తరువాతనే వస్తుంది. దానికి గర్భమును ముగించుట తప్ప వేరే విరుగుడు లేదు. చిన్ననాటి కీళ్లవాతపు జ్వరముతో గుండె కవాటము ఇరుకైన స్త్రీకి, రక్తము పెరిగే కొలది, ఏడవ నెల దగ్గరకు వచ్చేసరికి ఊపిరి ఆడదు. ఇవన్నియు తొలి మాసములలో బయటపడని సంగతులు. ఆలస్యము స్త్రీది కాదు, వ్యాధిది.

ఒక భేదమును ఇక్కడ నొక్కి చెప్పవలెను. 30వ వారములో రక్తపోటు హెచ్చితే వైద్యులు చేసేది గర్భస్రావము కాదు, ముందస్తు ప్రసవము. బిడ్డను తీసి కాపాడుటకు చూస్తారు. 22వ వారములో అదే రక్తపోటు వస్తే, చేసే పని అదే, కాని బిడ్డ దక్కదు. చేతిలో తేడా లేదు, ఉద్దేశములో తేడా లేదు. వారముల తేడా మాత్రమే ఒకదానిని ప్రసవమని, మరొకదానిని హత్య అని పిలిపిస్తున్నది.

మరికొన్ని కారణములు బిడ్డలో కనబడుతవి. మెదడు, పుర్రె ఏర్పడకపోవుట. రెండు మూత్రపిండములును లేక, దానివలన ఉమ్మనీరు లేక, ఊపిరితిత్తులు ఎదుగకపోవుట. ఇట్టి బిడ్డ ఎంత గొప్ప ఆసుపత్రిలో పుట్టినను గంటలో దినములో మాత్రమే. అవయవ లోపములను వెదకే స్కానింగు, జనము ‘టిఫా’ అనునది, 18 నుండి 22 వారముల మధ్య జరుగుతుంది. అనగా మొదటి వార్తయే అయిదవ నెలలో వస్తుంది. చండ్రుగొండలో అది ఇంకను ఆలస్యము కాగలదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తపోటు చూస్తారు, రక్తము, మూత్రము పరీక్షిస్తారు. లోపములను వెదకే స్కానింగుకు పట్నము పోవలెను. అయిదవ నెల మిర్చి ఏరే దినములలో పడితే కూలి మానుకొని, బస్సు ఖర్చు పెట్టుకొని, తోడుకు ఒకరిని పిలుచుకొని పోవుట ఎవరికి సాధ్యము? 2022 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వము తన ఆసుపత్రులలో టిఫా యంత్రములను పెట్టనారంభించినది. అదే నెలలో కొత్తగూడెములోను, 2023లో ఖమ్మములోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. దూరము తగ్గినది, తీరలేదు. 2018–20 లెక్కలలో తెలంగాణలో లక్ష సజీవ ప్రసవములకు 43 మంది తల్లులు మరణించిరి. దేశపు సగటు 97తో పోల్చితే ఇది మెరుగే. కాని రాష్ట్రపు సగటులో అడవి అంచున ఉన్నవారు విడిగా కనబడరు.

చట్టమును గూర్చి మన కరపత్రములు చెప్పేది ఒక్కటే: 1971 చట్టము హత్యకు అనుమతి ఇచ్చినది. చట్టమును చదివినవారు అట్లు వ్రాయరు. 20 వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయము, 20 నుండి 24 వరకు అత్యాచార బాధితులు, మైనరు బాలికలు మొదలైన కొన్ని తరగతుల స్త్రీలకు ఇద్దరు వైద్యుల అభిప్రాయము, ఆ పైన బిడ్డలో తీవ్రమైన లోపమున్నదని వైద్య మండలి నిర్ధారిస్తేనే. వీటన్నిటికంటె మాకు ముఖ్యమైనది 5వ సెక్షను. తల్లి ప్రాణమును కాపాడుటకు తక్షణమే అవసరమైతే వారముల పరిమితి వర్తించదు, ఒక్క వైద్యుని నిర్ణయము చాలును. ఇది 1971 నుండి ఉన్నది. మేము చూచిన కరపత్రములలో దీని ప్రస్తావన లేదు. దాని ఫలితము చిన్నది కాదు. నిజముగా ప్రాణము మీదికి వచ్చిన రాత్రి, భర్తయు అత్తయు సంతకము చేయుటకు వెనుకాడుతారు. పాపమనియు నేరమనియు వారు సంఘములోనే విన్నారు.

ఇట్టి సందేహము ఏమి చేయగలదో ఐర్లండు చూపినది. 2012 అక్టోబరు 28న గాల్వే నగరములో కర్ణాటకకు చెందిన సవితా హలప్పనవర్ అను దంతవైద్యురాలు 17వ వారములో గర్భము నిలువక, రక్తము విషమై మరణించినది. శిశువు గుండె కొట్టుకొనుచున్నంత వరకు గర్భమును తీయలేమని ఆమెకు చెప్పిరి. ఆ బిడ్డ బ్రతుకుటకు అవకాశము లేదని అందరికీ తెలుసు. 2018లో ఆ దేశ ప్రజలు తమ రాజ్యాంగములోని గర్భస్రావ నిషేధమును ఓటుతో తీసివేసిరి. సంఘము ఇంకను కొంచెము జాగ్రత్తగా మాటలాడియుంటే ఆ ఓటు ఎట్లుండెడిదో ఊహించుట కష్టము. మాకు మాత్రము ఆమె మరణములో ఆ దేశపు బోధపీఠములకు భాగమున్నదని తోస్తుంది.

మన కోర్టులలో రెండు సందర్భములను ప్రక్కప్రక్కన పెట్టి చూడదగును. 2021 అక్టోబరులో తెలంగాణ హైకోర్టులో న్యాయమూర్తి బి. విజయసేన్ రెడ్డి అత్యాచారమునకు గురియైన 16 ఏండ్ల బాలికకు 26 వారముల గర్భమును తొలగించుటకు అనుమతి ఇచ్చిరి. పుట్టబోవు శిశువు జీవమును ఆ బాలిక జీవముకంటె పై మెట్టున నిలుపలేమను భావము ఆ ఉత్తర్వులో ఉన్నది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ముందుకు ఇద్దరు పిల్లల తల్లి ఒకామె వచ్చినది. ప్రసవానంతర మానసిక వ్యాధితో బాధపడుతూ, పాలిచ్చే కాలములో ముట్టు రానందున గర్భమును ఆలస్యముగా తెలుసుకొన్నది. అక్టోబరు 9న ఇద్దరు న్యాయమూర్తులు అనుమతించిరి. బిడ్డ బ్రతికి పుట్టే అవకాశమున్నదనియు, ముందుగా గుండెను ఆపవలెనా అనియు ఎయిమ్స్ వైద్యుడు అడుగగా, 11న ఆ ఇద్దరును చెరొక అభిప్రాయమునకు వచ్చిరి. 16న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్‌తో కూడిన ముగ్గురి ధర్మాసనము, 26 వారముల 5 దినముల గర్భము, తల్లి ప్రాణమునకు తక్షణ అపాయము లేదు, బిడ్డలో లోపము లేదు అని అనుమతి నిరాకరించినది.

రెండు కేసులలోను 26 వారములే. ఒకచోట అవును, ఒకచోట కాదు. వారములు తీర్పు చెప్పలేదు, కారణము చెప్పినది. రెండవ తీర్పు ఫలితమును మేము తప్పు పట్టము. బ్రతుకగల బిడ్డ గుండెను సూదితో ఆపుము అని ఆజ్ఞాపించుటకు ఏ న్యాయమూర్తియైనను వెనుకాడుట మానవత్వమే. కాని మనస్సు చెదిరిన ఆ తల్లి వ్యాధి అక్కడ మందులు మార్చుకొనవలసిన సంగతిగా మాత్రమే తేలినది. ఖర్చులు ప్రభుత్వము భరించునని, కావలెనంటే బిడ్డను దత్తతకు ఇవ్వవచ్చునని చెప్పి తీర్పు ముగిసినది. మిగిలిన వారములు ఆమె ఎట్లు మోసెనో చూచుట కోర్టు పని కాదు. అది సంఘము పని. మన పత్రికలలో ఆ తల్లిని గూర్చి ప్రార్థన మాకు కనబడలేదు.

సంఘ పారంపర్యము ఏమన్నది? ఆదిపితరులు గర్భస్రావమును ఒకే నోట ఖండించిరని మన బోధకులు చెబుతారు. ఖండించిన మాట నిజము. టెర్టుల్లియను తన ‘సమాధాన గ్రంథము’ తొమ్మిదవ అధ్యాయములో దానిని హత్యతో సమానము చేసెను. అదే టెర్టుల్లియను ‘ఆత్మను గూర్చి’ అను గ్రంథము 25వ అధ్యాయములో, బిడ్డ గర్భములో అడ్డము తిరిగి, బయటికి రాక తల్లిని చంపునట్లున్నప్పుడు వైద్యులు వాడే పరికరములను వర్ణిస్తాడు. ఆ పని క్రూరమే అంటాడు, కాని తప్పనిసరియైన క్రూరత్వమంటాడు. గర్భములోని బిడ్డకు ప్రాణమున్నదని నిరూపించుటకే ఆయన దానిని తెచ్చెను. ప్రాణముందని ఒప్పుకొంటూనే తప్పనిసరి అనుట, ఇది మన కరపత్రములకు అందని మాట. అగస్టీను కూడ ‘ఎన్‌కీరిడియన్‌’లో తల్లిని దక్కించుటకు ముక్కలుగా తీయబడిన శిశువులను స్మరించి, వారెన్నడును జీవించలేదనుటకు తనకు ధైర్యము చాలదంటాడు. యూదుల మిష్నా, ఒహోలోత్ 7:6లో, ప్రసవము కష్టమైతే తల్లి ప్రాణమే ముందు గనుక గర్భములోని బిడ్డను ముక్కలుగానైనను తీయవలెననియు, అధిక భాగము బయటికి వచ్చిన తరువాత ముట్టరాదనియు తీర్మానించినది.

ఇవి 23వ వారము, 24వ వారము కేసులు కావు. తొమ్మిది నెలలు నిండిన బిడ్డలు. సురక్షితమైన సిజేరియన్ శస్త్రచికిత్స రాకముందు, వైద్య కారణముతో గర్భమును ముగించుట అంటే తరచుగా ఇదే. చివరి నెలల కేసు ఆధునికులు పుట్టించిన సమస్య కాదు, సంఘము ముందుకు వచ్చిన అతి పాత సమస్యలలో ఒకటి. దానికి మన తాతమ్మలకు మాట కూడ ఉన్నది. పురిటి గదిలో సంగతి విషమిస్తే వారు ‘పెద్దప్రాణము’ దక్కితే చాలునంటారు. తల్లి పెద్దప్రాణము, బిడ్డ చిన్నప్రాణము. ఈ మాటలో రెండును ప్రాణములే. బిడ్డను మాంసపు ముద్ద అనలేదు. రెండును సమానమనియు అనలేదు. మా ఎరుకలో తెలుగు క్రైస్తవ నీతిబోధ ఈ పదమును ఇంతవరకు వాడుకోలేదు. తర్జుమా చేసిన ‘జీవపరిరక్షణ’తోనే తృప్తిపడినది.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయముగానే వస్తుంది. వైద్య కారణమను తలుపు తెరిస్తే ఎవరెవరు దూరుతారు? ఆడపిల్ల అని తెలిసి తీయించుకొనువారును నాలుగు, అయిదవ నెలలలోనే వస్తారు, కాగితము మీద మరేదో కారణము వ్రాయిస్తారు. 1994 చట్టము లింగ నిర్ధారణను నిషేధించినను ఆ పని ఆగలేదు. ఇంకను కష్టమైనది, చట్టములోని తీవ్రమైన లోపము అను మాటకు హద్దు లేదు. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు డౌన్ సిండ్రోముతో ఉన్న బిడ్డను మోస్తున్న తల్లికి అనుమతి నిరాకరించినది. ఆ విషయములో మేము కోర్టు పక్షమున ఉన్నాము. పుర్రె లేని బిడ్డ, డౌన్ సిండ్రోము బిడ్డ ఒకటి కాదు. ఒకరికి ఈ లోకములో ఆయుష్షు లేదు, మరొకరికి ఉన్నది, కాని మనము చోటివ్వము. సంఘము తన గొంతు ఎత్తవలసినది ఈ హద్దు దగ్గర. అన్నిటిని ఒకే గాటన కట్టినందున, నిజముగా అడ్డుకొనవలసిన చోట మన మాటకు బరువు లేకుండ పోయినది.

ఇప్పుడు రాహేలు దగ్గరకు. ఆదికాండము 35లో ఆమె ఎఫ్రాతా దారిలో, ఊరు ఇంకను దూరముండగా ప్రసవవేదన పడినది. చండ్రుగొండవారికి ఇది వివరించనక్కరలేదు. మంత్రసాని ఆమెతో భయపడవద్దనియు, ఇదియును కుమారుడే అనియు చెప్పినది. రాహేలు ప్రాణము పోవుచుండగా బిడ్డకు దుఃఖపుత్రుడని పేరు పెట్టినది, తండ్రి దానిని మార్చెను. సమూయేలు మొదటి గ్రంథము 4లో ఫీనెహాసు భార్య విషయములోను ఇదే ఓదార్పు. దగ్గర నిలిచిన స్త్రీలు కుమారుడు పుట్టెనని చెప్పిరి. ఆమె జవాబివ్వలేదు, లక్ష్యపెట్టలేదు. మేము విన్న ప్రసంగములలో ఈ భాగములను గర్భస్రావ చర్చలోనికి తెచ్చినవారు లేరు. కీర్తన 139 గర్భము లోపలి నుండి మాటలాడుతుంది. ఈ రెండు భాగములు పురిటి మంచము మీద నుండి మాటలాడుతవి. మన బోధకులు మంత్రసాని చెప్పిన ఓదార్పునే ఇప్పటికీ చెబుతున్నారు, రాహేలు పెట్టిన పేరును వినుట లేదు.

తెలుగు సంఘము ఎప్పుడును ఇట్లు లేదు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ స్త్రీల కొరకు వైద్యశాల స్థాపించుటకు కారణము పురిటి గదులలో ఆమె చూచినదే. వేలూరు ఆసుపత్రి వెనుక ఉన్న కథ అందరెరిగినదే: ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవవేదనలో మరణించగా అయిడా స్కడర్ వైద్యురాలు కావలెనని నిశ్చయించుకొన్నది. ఆ తరమువారికి పెద్దప్రాణము సిద్ధాంతమునకు అడ్డుగా తోచలేదు.

ఒక్క అసంగతిని చూపి ముగిస్తాము. గర్భము ధరించిన క్షణము నుండి సంపూర్ణ వ్యక్తియే అని బోధించే సంఘములలోనే, 23వ వారములో పోయిన బిడ్డకు పేరు పెట్టరు, ప్రార్థన చేయరు, సంఘ సమాధి స్థలములో చోటివ్వరు. ఆసుపత్రి నుండి గుడ్డలో చుట్టి తెచ్చిన బిడ్డను తండ్రి ఒంటరిగా పొలము గట్టున పూడ్చి వస్తాడు. సేవకుడు మూడవ దినమున వచ్చి తల్లిని, ఏమి తప్పు జరిగినదో పరీక్షించుకొమ్మంటాడు. కరపత్రములు వ్రాయువారిని మేము అడిగేది కొంచెమే. మరుముద్రణలో 5వ సెక్షను అచ్చువేయండి. నిర్గమ 21 క్రింద తెలుగు బైబిలు ఏమి చెబుతున్నదో అదే వ్రాయండి. గర్భవతి కావడానికి ముందే ఫోలిక్ ఆమ్లపు మాత్ర వాడుమని ఒక వాక్యము చేర్చండి. ఒకసారి ఇట్టి బిడ్డ కలిగిన తల్లులలో వెన్ను, మెదడు లోపములు మరల రాకుండ ఆ మాత్ర 72 శాతము తగ్గించినదని 1991లో బ్రిటిషు పరిశోధకులు ప్రచురించిరి. అలబామా బిడ్డ ఛాయాచిత్రమును ఉంచదలచితే వాని చెల్లెలి సంగతి కూడ ఉంచండి. చివరి పుటలో, పొలము గట్టున ఆ తండ్రి ప్రక్కన నిలిచి సేవకుడు చదువదగిన ప్రార్థన ఒకటి వ్రాయండి.